కథల పోటీ ప్రకటనలో "సర్వహక్కులు నిర్వాహకులవే" అని ఉంది. పంపాలా వద్దా?

కొబ్బరాకు:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను కథలు రాయడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. అచ్చయినవి పదకొండు, తిరిగొచ్చినవి లెక్కపెట్టలేదు. ఈ మధ్య రెండు నెలలు కూర్చుని ఒక కథ రాశాను, కోనసీమలో మా అమ్మమ్మగారి ఊళ్లో పీచు తాళ్లు పేనే ఆడవాళ్ల మీద. ఇన్నాళ్లూ రాసినవాటిలో ఇదొక్కటే కాస్త నిలబడుతుందని నా నమ్మకం. సరిగ్గా ఇప్పుడే వాట్సాప్‌లో ఒక సంక్రాంతి కథల పోటీ ప్రకటన వచ్చింది, మొదటి బహుమతి పదివేలు. సంబరంగా చదువుకుంటూ వెళ్తే ఏడో నిబంధన దగ్గర ఆగిపోయాను. ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నా:

"పోటీకి వచ్చిన కథలన్నింటిపై సర్వహక్కులు నిర్వాహకులకే చెందుతాయి. వాటిని ముద్రణ, శ్రవణ, దృశ్య మాధ్యమాల్లో ఏ రూపంలోనైనా వాడుకునే అధికారం వారికి ఉంటుంది. ఈ విషయమై ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు."

బహుమతి వచ్చిన కథలని కాదు, "వచ్చిన కథలన్నింటిపై" అట! పైగా కథ మీద ఎక్కడా పేరు ఉండకూడదు, హామీపత్రం వేరే కాగితం మీద సంతకం చేసి స్కాన్ చేసి పంపాలి.

మామూలుగా అయితే ఇవన్నీ పట్టించుకునేదాన్ని కాదు. మూడేళ్ల క్రితం ఇలాగే ఒక పోటీకి కథ పంపాను, బహుమతి రాలేదు, మర్చిపోయాను. పోయిన ఏడాది మా వదిన ఒక యూట్యూబ్ లింకు పంపి "ఇది నీ కథలా ఉందేంటి" అని అడిగింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వంటింట్లో నిలబడి మొత్తం విన్నాను. నా కథే. వరలక్ష్మిని హైమావతి చేశారు, ఊరి పేరు మార్చారు, అంతే. చివర్లో ఒకచోట మార్చడం మర్చిపోయి "వరలక్ష్మి గుమ్మం దాటింది" అనే చదివేశారు. నా పేరు మాత్రం ఎక్కడా లేదు. కింద కామెంట్లలో "ఎంత బాగా రాశారు మేడమ్" అని ఆ చదివినావిణ్ణి మెచ్చుకుంటున్నారు. పోటీవాళ్ల దగ్గర్నుంచి వెళ్లిందో, నేను ఒకరిద్దరు స్నేహితులకి పంపిన పీడీఎఫ్ నుంచి వెళ్లిందో నాకు తెలీదు కాబట్టి ఎవర్నీ అనలేను.

నా అనుమానాలు ఇవీ. ప్రకటనలో ఒక లైను రాసేసినంత మాత్రాన నా కథ వాళ్లదైపోతుందా? పంపేముందు ఎక్కడైనా రిజిస్టర్ చేయించాలా? ముందుగా ఫేస్‌బుక్‌లో పెట్టేస్తే తేదీతో సహా సాక్ష్యం ఉంటుందని మా తమ్ముడంటున్నాడు, అది మంచిదేనా?


ఎర్రబస్సు:

నేరుగా చెప్తాను, ఏమీ అనుకోకండి. మనం రాసే కథలు దొంగిలించి మేడలు కట్టేసేవాళ్లు ఎవరూ లేరండీ. తెలుగులో కథ చదివేవాళ్లే తక్కువ, ఇక దొంగిలించేవాళ్లా! నేను ఇరవై ఏళ్లుగా పంపుతున్నాను, నిబంధనలు ఏనాడూ చదవలేదు. ఇలా భయపడుతూ కూర్చుంటే కథ బీరువాలో చీరల మడతల మధ్య ఉండిపోతుంది. పంపేయండి, ఆ పదివేలు వస్తే మాకు స్వీట్లు పంచండి.


నల్లకోటు కొత్తది:

ఎర్రబస్సు గారూ, కథలు దొంగిలించరని మీరంటున్నారు, ఆవిడ కథ ఆల్రెడీ పోయిందని పైన రాసే ఉంది కదా సార్.

కొబ్బరాకు గారూ, నాది హన్మకొండ, లాయరుగా ప్రాక్టీసు పెట్టి నాలుగేళ్లు. మా సీనియర్ దగ్గరికి ఇలాంటివి అప్పుడప్పుడు వస్తుంటాయి, కథలకన్నా ఎక్కువ జానపద పాటల గొడవలు.

మొదటిది. కథ రాసిన క్షణం నుంచే దాని మీద కాపీరైటు మీది. ఎక్కడా రిజిస్టర్ చేయించక్కర్లేదు, అచ్చవ్వాల్సిన పని కూడా లేదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, దాని ప్రకారం మీరున్నంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఆ హక్కు మీది, మీ తర్వాత మీ వారసులది. అది ఇంకొకరికి పోవాలంటే 19వ సెక్షన్ చూడాలి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవాళ్ల సంతకం ఉండాలి, ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఎక్కడి వరకు, డబ్బెంత అనేవి అందులో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లే అనుకోవాలి, ఎక్కడో రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా ఆ హక్కుని వాడకపోతే, వేరేగా రాసుకుంటే తప్ప, అది రద్దయినట్టే. అంటే పత్రికలోనో వాట్సాప్‌లోనో "సర్వహక్కులు మావే" అని వాళ్లంతట వాళ్లు వేసుకున్న లైను ఒక్కదానితోనే మీ కథ వాళ్లది కాదు.

అయితే వాళ్లు మీతో సంతకం ఎక్కడ పెట్టిస్తున్నారో చూశారా? హామీపత్రం మీద. అందరూ ప్రకటనలో ఏడో నిబంధన చూసి కంగారు పడతారు, హామీపత్రం మాత్రం కరెంటు బిల్లు మీద సంతకం పెట్టినట్టు పెట్టేస్తారు. "ఇది నా సొంత రచన, దేనికీ అనుసరణ గానీ అనువాదం గానీ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరెవరి పరిశీలనలోనూ లేదు" అనే వరకు అది మీరిచ్చే మాట, దాంట్లో తప్పేం లేదు. దాని కింద "పోటీ నిబంధనలన్నీ నాకు సమ్మతమే" అని ఉందా? ఉంటే ఆ ఏడో నిబంధన కింద మీరు సంతకం పెట్టారని వాదించడానికి అవతలివాళ్లకి ఒక కాగితం దొరికినట్టే. కోర్టులో అది నిలబడుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి, అక్కడిదాకా ఎందుకు తెచ్చుకోవాలి? ఆ హామీపత్రం నమూనా ఇక్కడ పెట్టండి, చూద్దాం.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ గొడవ వస్తే ఆ రిజిస్టర్‌లో ఉన్నది ప్రాథమిక సాక్ష్యం. కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు, సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు, అచ్చుకాని రచనకి కూడా చేస్తారు. దరఖాస్తు అందినట్టు డైరీ నంబరు వెంటనే వస్తుంది, అభ్యంతరాలకి 30 రోజులు ఆగుతారు, సర్టిఫికెట్ చేతికి రావడానికి ఇంకా చాలా పడుతుంది. ప్రతి చిన్న కథకీ ఇది చేయమని నేను చెప్పను. సినిమాకో సిరీస్‌కో పనికొస్తుందనుకున్న దానికి చేయించండి, కథల పుస్తకం వేసేటప్పుడు పుస్తకానికంతా కలిపి చేయించండి.

తమ్ముడి ఐడియా మాత్రం వద్దు. ఫేస్‌బుక్‌లో పెట్టారంటే ప్రచురించినట్టే, చాలా పోటీలవాళ్లు అలాగే లెక్కేస్తారు, కథలు పెట్టుకునే ప్రతిలిపి యాప్‌లో పెట్టినా అంతే. మీ సాక్ష్యం మీకే అడ్డొస్తుంది, హామీపత్రంలో ఇచ్చిన మాట అబద్ధమవుతుంది. మీ మెయిల్ నుంచి మీ మెయిల్‌కే పంపుకోండి, చిత్తుప్రతులు పారేయకండి, గూగుల్ డాక్స్‌లో రాస్తే పాత వెర్షన్లన్నీ తేదీలతో దాంట్లోనే ఉంటాయి. స్క్రీన్‌షాట్ తీసుకుని అసలు మెయిల్ చెరిపేసేవాళ్లున్నారు, ఆ పని అస్సలు చేయకండి.

ఇంకొకటి చెప్పాలి, ఇది చాలామందికి మింగుడు పడదు. ఐడియాకి కాపీరైటు లేదు. ఆర్.జి. ఆనంద్ అని ఢిల్లీలో ఒక నాటక రచయిత, తన నాటకం మొత్తం ఒక సినిమా దర్శకుడికి వినిపించాడు, తర్వాత అదే విషయం మీద ఆ దర్శకుడి సినిమా వచ్చింది, ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, 1978లో ఓడిపోయాడు. ఇతివృత్తం ఒకటైతే సరిపోదు, దాన్ని చెప్పిన తీరుని, వరసని, మాటల్ని ఎత్తుకుంటేనే తప్పని కోర్టు చెప్పింది. కాబట్టి రేపు పీచు తాళ్ల మీద ఇంకొకరు కథ రాస్తే మీరేం చేయలేరు. మీ వరలక్ష్మి గుమ్మం దాటిన వాక్యాన్ని ఎత్తుకెళ్తే చేయగలరు.


ఫ్లెక్సీ బాబు:

నేను కథలవాణ్ణి కాదు, డీటీపీ షాపు ఉంది, లోగోలు వేస్తుంటాను. మా వైపు ఒక ఉత్సవాల కమిటీ లోగో పోటీ పెట్టారు, గెలిస్తే ఐదువేలు. నా ఖర్మ ఏంటంటే మంచి ఇంప్రెషన్ కోసం జేపీజీతో పాటు బొమ్మ గీసిన అసలు కోరల్ డ్రా ఫైలు కూడా పంపేశాను, లేయర్లతో సహా, ఏ రంగు ఎక్కడ మార్చాలో కూడా వాళ్లకి తెలిసేలా. బహుమతి ఇంకొకరికి వచ్చింది, సరే. ఆర్నెల్ల తర్వాత బస్టాండు ఎదురుగా ఇరవై అడుగుల ఫ్లెక్సీ, దాని మీద నా లోగో, పసుపు ఉన్నచోట కాషాయం పెట్టారు, ఏడాది మార్చారు. ఇంకా తమాషా ఏంటంటే అది ప్రింటు వేసింది మా వీధి చివర షాపువాడే, "నీకు తెలుసా అన్నా, ఫైలు ఎంత నీట్‌గా ఉందో, ఐదు నిమిషాల్లో అయిపోయింది" అన్నాడు.

అప్పట్నుంచి నా రూలు ఒకటే. పోటీకి చిన్న సైజు జేపీజీ, మూలన సన్నగా పేరు, వాళ్ల నిబంధన ఒప్పుకోకపోతే పేరు లేకుండా. ఆ అసలు సోర్స్ ఫైలు గెలిచి డబ్బులు అకౌంట్‌లో పడ్డాకే. ఫొటోలవాళ్లు కూడా అంతే, కెమెరాలోంచి వచ్చిన రా ఫైలు ఎవరికీ ఇవ్వరు, అది ఎవరి దగ్గరుంటే వాడిదే ఫొటో అని తేలిపోతుంది.

హక్కులన్నీ అడగడం తప్పని కూడా నేననను. రూపాయి గుర్తుకి 2009లో కేంద్రం పోటీ పెట్టింది, ఎంట్రీకి 500 కట్టి మరీ మూడువేలకు పైగా వచ్చాయి, 2010 జూలైలో ఉదయకుమార్ వేసిన గుర్తు ఖాయమైంది, ఆయనకి రెండున్నర లక్షలు ఇచ్చారు. ఇప్పుడది నోటు మీద, కీబోర్డు మీద, కిరాణా కొట్టు బిల్లు మీద ఉంది. దేశం గుర్తు కదా, ఒకడి దగ్గర పెట్టుకుంటే ఎలా. కానీ అక్కడ తీసుకున్నది గెలిచినదాన్ని, డబ్బిచ్చి. ఓడిపోయినవాళ్ల బొమ్మలు కూడా మావే అనడం ఏం న్యాయం?


కట్టలు విప్పినవాడు:

అవతలి పక్క నుంచి కూడా ఒక మాట వినండి. నేను ఒక సాహితీ సంస్థలో మూడేళ్లు కథల పోటీ పనులు చూశాను. జీతం లేదు, టీలు మాత్రం ఇచ్చేవారు.

మా దగ్గరికి మూడొందల పైచిలుకు వచ్చేవి. పోస్టులో వచ్చిన కవర్లు సుతిలి తాడు కట్టిన కట్టలు, మెయిల్లో వచ్చినవి సగం యూనికోడ్, కొన్ని పాత అను ఫాంట్‌లో, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అన్నీ గుర్తులే. ఒక్కోదానికి నంబరు వేసి, హామీపత్రం విడదీసి వేరే ఫైల్లో పెట్టి, పేరు లేని కాపీ న్యాయనిర్ణేతకి పంపేవాళ్లం. పేరు తీసేది దొంగతనానికి కాదు, తెలిసినవాళ్లకి మార్కులు పడకుండా. కాకపోతే ఆ పేరు లేని కాపీలు తర్వాత ఏమయ్యాయని అడిగితే నాకు సిగ్గేస్తుంది. ఒక ఏడాదివి సంస్థ గదిలో అట్టపెట్టెలో ఉండిపోయాయి, ఎవరైనా వచ్చి కూర్చుని చదువుకోవచ్చు. మెయిల్ పాస్‌వర్డు నలుగురికి తెలుసు. కావాలని ఎవరూ చేయరు కానీ, తలుపు తీసే ఉండేది.

ఇక ఆ "సర్వహక్కులు" లైను సంగతి. మా ప్రకటనలోనూ ఉండేది. ఎందుకుందని నేనొకసారి అడిగితే కార్యదర్శిగారు పాత ప్రకటన తీసి చూపించారు, దాంట్లో ఉంది కాబట్టి దీంట్లో వచ్చింది. ఆ పాతదాంట్లోకి ఇంకెవరి ప్రకటన నుంచో వచ్చుంటుంది. మాకు కావాల్సిందల్లా బహుమతి కథలు, బహుమతి రాకపోయినా సాధారణ ప్రచురణకి తీసుకున్నవి కలిపి ఒక సంకలనం వేసుకోవడం, అంతే. అడిగినవాళ్లకి ఆ మాటే మెయిల్లో రాసిచ్చేవాళ్లం. మూడేళ్లలో అడిగినవాళ్లు ఇద్దరు. కాబట్టి "తావు లేదు" అని ఉన్నా సరే, మర్యాదగా ఒక మెయిల్ పెట్టి అడగండి. జవాబు ఎలా ఇస్తారో చూస్తే మీకే తెలిసిపోతుంది, పంపదగ్గవాళ్లో కాదో.

కాకపోతే రచయితలు కూడా తక్కువ తినలేదు. ఒకే కథని మూడు పోటీలకి పంపి, మూడుచోట్లా "వేరెవరి పరిశీలనలోనూ లేదు" అని సంతకం పెట్టినవాళ్లని చూశాను. ఇంకా, "నా కథ కాపీ కొట్టారు" అని మాకు వచ్చిన ఫిర్యాదుల్లో చాలావరకు అమెరికాలో కొడుకు, వృద్ధాశ్రమంలో తండ్రి, చివర్లో ఫోను. ఆ ఏడాది అలాంటివి ఒక కట్టంత వచ్చాయి, ఎవరు ఎవర్ని కాపీ కొట్టినట్టు?


కొబ్బరాకు:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, థాంక్స్ అండీ అందరికీ. నల్లకోటు గారూ, హామీపత్రం చివరి లైను ఇదీ: "పోటీ నియమ నిబంధనలన్నీ చదివి, సమ్మతించి సంతకం చేస్తున్నాను." మీరు చెప్పినట్టే ఉంది! ఇప్పుడేం చేయాలి? సంతకం లేకుండా గూగుల్ ఫామ్‌లో టిక్కు పెట్టించే పోటీలు కూడా ఉన్నాయి కదా, అదీ సంతకమేనా? ఇంకా ఆ పాత యూట్యూబ్ కథ సంగతి, ఇప్పటికైనా ఏమైనా చేయొచ్చా?


నల్లకోటు కొత్తది:

టిక్కు సంతకంతో సమానమా అన్నది వాదనలో తేలాల్సిన సంగతి, అందుకే టిక్కు కొట్టేముందు కూడా కాగితం మీద సంతకం పెడుతున్నట్టే చదవండి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. ప్రకటనలు మధ్యలో మారిపోతుంటాయి.

మీ హామీపత్రానికి తేలిక మార్గం ఒకటుంది. ఆ చివరి లైను పక్కన చేత్తోనే "7వ నిబంధన మినహా. బహుమతి వస్తే ఒకసారి ముద్రించుకోవడానికి మాత్రమే అనుమతి" అని రాసి, దాని పక్కన పొట్టి సంతకం పెట్టి, స్కాన్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకుని పంపండి. మహా అయితే తిరస్కరిస్తారు. ముందు కట్టలు విప్పినవాడు గారు చెప్పినట్టు అడగండి, అడిగితే పోయేదేముంది. ఆడియో, వీడియో, సినిమా, అనువాదం ఇవన్నీ వేర్వేరు హక్కులు, ఒక్క ముద్రణకి ఒప్పుకున్నంత మాత్రాన మిగతావి వెళ్లిపోవు. ఇంకోమాట, హక్కులు నిజంగానే అమ్మేసినా మీ పేరు వేయమని అడిగే హక్కు మీతోనే ఉంటుంది, 57వ సెక్షన్. మీ పరువు పోయేలా దాన్ని చెడగొట్టినా అడగొచ్చు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం పీకేసి పాడుచేస్తే, దాని కాపీరైటు ప్రభుత్వానిదే అయినా, 2005లో ఢిల్లీ హైకోర్టు దాన్ని ఆయనకి తిరిగిచ్చేయమని, ఐదు లక్షలు కట్టమని తీర్పిచ్చింది.

యూట్యూబ్‌కి కోర్టు దాకా వెళ్లక్కర్లేదు. వీడియో కిందే కాపీరైట్ ఫిర్యాదు ఫామ్ దొరుకుతుంది, మీ అసలు కథ, మీరు పంపిన మెయిల్ తేదీ దగ్గర పెట్టుకుని నింపండి, ఆ వరలక్ష్మి వచ్చే నిమిషం, సెకను కూడా రాయండి. నిజమని తేలితే వీడియో తీసేస్తారు, ఛానల్‌కి స్ట్రైక్, అంటే తప్పు చేశారని ఒక గుర్తు, పడుతుంది, 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోతుంది, అందుకని చాలామంది ఫిర్యాదు రాగానే ఫోన్ చేసి బతిమాలుకుంటారు. మీ పేరు అవతలివాళ్లకి కనిపిస్తుంది, అది తెలిసే పెట్టండి. అప్పటికీ తేలకపోతే మీరున్న ఊరి జిల్లా కోర్టులోనే కేసు వేసుకోవచ్చు, వాళ్ల ఊరెళ్లే పని లేదు.

 


ఎర్రబస్సు:

సరే ఒప్పుకుంటున్నాను. నా పాత హామీపత్రాల జెరాక్సులు తీసి చూశాను, రెండింట్లో ఆ లైనుంది. ఒకదాంట్లో "ప్రపంచవ్యాప్తంగా, శాశ్వతంగా" అని కూడా ఉంది. కథేమో మా ఊరి రేషన్ షాపు క్యూ మీద.


కొబ్బరాకు:

అప్‌డేట్. మెయిల్ పెట్టాను, రెండు రోజులు చూశాను, జవాబు లేదు. ప్రకటనలో ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే పెద్దాయన ఎవరో ఎత్తారు. విషయం చెప్పగానే "ఏడో నిబంధనా? ఉండమ్మా, కళ్లజోడు తెచ్చుకుంటాను" అని వెళ్లి వచ్చి, మొత్తం పైకి చదివి, "అబ్బో, ఇంత ఉందా" అన్నారు. బహుమతి కథలు పత్రికలో ఒకసారి, సంకలనంలో ఒకసారి వేసుకుంటామని, ఆడియోకైతే అడిగి, డబ్బులిచ్చి చేస్తామని, మిగతావాటితో తమకేం పని లేదని చెప్పారు. ఇదే మెయిల్లో రాయండి సార్ అంటే మనవడు సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చాక పెట్టిస్తానన్నారు. నిజంగానే రాత్రి ఎనిమిదింటికి వచ్చింది, నాలుగు లైన్లు, కింద ఆయన పేరు, హోదాతో సహా. ప్రింటు తీసి చిత్తుప్రతితో కలిపి పెట్టాను. హామీపత్రం మీద కూడా నల్లకోటు గారు చెప్పినట్టే రాసి సంతకం పెట్టాను.

యూట్యూబ్ ఫిర్యాదు కూడా నింపాను. 11వ నిమిషం 40వ సెకను దగ్గర వరలక్ష్మి.

గడువు ఆదివారం. ఇప్పుడొక్కటే చిక్కు, కథ 1500 పదాలు దాటకూడదట, నాది 1740. ఆ పెద్దాయనకి మళ్లీ ఫోన్ చేస్తే బాగోదు కదా?